మైదానం నుంచి న్యాయశాఖ దాకా: విలియం హెన్రీ లూయిస్

మా హాస్టల్‌కు నెలకొకసారి, ఆదివారం పొద్దున్నే కటింగ్ చేసే అన్న పెట్టె పట్టుకొని వచ్చేవాడు. వేపచెట్టు కింద పాత కుర్చీ ఒకటి వేసి, మమ్మల్నందర్నీ వరసగా కూర్చోబెట్టేవాడు. పెద్దవాడైనా చిన్నవాడైనా అందరికీ ఒకటే కటింగ్. స్కూలుకు వెళ్తే మా తలలు చూసి "హాస్టలోళ్ళు వచ్చార్రా" అనేవాళ్ళు. అందుకే ఆ ఆదివారం అంటే మాకు చిరాకు. ఒకసారి దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా తాతతో ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "కుర్చీలో కూకోబెట్టి చేశాడా?" అని అడిగాడు. అవునంటే కాసేపటికి మళ్ళీ అదే అడిగాడు.

మా తాత వయసులో ఉన్నప్పుడు మా ఊళ్ళో మా వాడవాళ్ళకు ఎవరూ క్షవరం చేసేవారు కాదట. ఒకరికొకరు చేసుకునేవారట. "వాణ్ణనుకొని లాభం లేదురా, మనకు చేస్తే ఊరోళ్ళు వాడి నోటికాడ కూడు తీసేస్తారు" అని కూడా తాత అన్నాడు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఆ మాట లోతు నాకు అప్పుడు తెలియలేదు.

పీజీలో చేరాక యూనివర్సిటీ లైబ్రరీలో అమెరికా నల్లజాతి వారి చరిత్ర చదువుతుండగా ఒక సంగతి కంటపడింది. 1893లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులో పేరు మోసిన ఒక ఆటగాడు గడ్డం గీయించుకుందామని కటింగ్ షాపుకు వెళితే, నల్లవాడని చేయమన్నారు. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా తాత అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చింది. ఆ ఆటగాడి గురించి దొరికినంత వరకు చదివాను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు ఇంతకన్నా మంచి విషయం నాకు తోచలేదు.

ఇంతకీ ఎవరీ లూయిస్?

విలియం హెన్రీ లూయిస్ 1868 నవంబర్ 28న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, బర్క్‌లీ అనే ఊళ్ళో పుట్టాడు. ఆ ఊరు తర్వాత నార్ఫోక్ నగరంలో కలిసిపోయింది. తల్లిదండ్రులు ఇద్దరూ ఒకప్పుడు బానిసలు. అమెరికాలో బానిసత్వం రాజ్యాంగ సవరణ ద్వారా రద్దయింది 1865లో. అంటే ఆ తర్వాత మూడేళ్ళకే లూయిస్ పుట్టాడు. అమ్మడానికీ కొనడానికీ వీల్లేని మనిషిగా పుట్టిన మొదటి తరం వాడు. తండ్రి చర్చిలో పాస్టర్‌గా పనిచేసేవాడు. ఇంట్లో డబ్బు లేకపోయినా చదువు మీద గౌరవం ఉండేది.

వర్జీనియాలో నల్లజాతి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే ఒక కళాశాలలో లూయిస్ చేరాడు. వర్జీనియా నార్మల్ అండ్ కాలేజియేట్ ఇన్‌స్టిట్యూట్ అని దాని పేరు. ఇప్పుడది వర్జీనియా స్టేట్ యూనివర్సిటీ. దానికి అధ్యక్షుడిగా ఉన్నవాడు జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్. ఆయన గొప్ప న్యాయవాది. తర్వాత వర్జీనియా నుంచి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి సభ్యుడు కూడా ఆయనే. ఈ కుర్రవాడిలో చురుకు ఉందని లాంగ్‌స్టన్ గమనించాడు. ఉత్తరాన మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్న ఆమ్‌హర్స్ట్ కాలేజీకి వెళ్ళడానికి సాయం చేశాడు. 1888లో లూయిస్ అక్కడ చేరాడు. పని చేస్తూ చదువు ఖర్చులు సంపాదించుకున్నాడు.

మన హాస్టళ్ళ నుంచి పైకి వచ్చిన ప్రతివాడి వెనకా ఇలాంటి ఒక మాస్టారో వార్డెనో తప్పకుండా ఉంటారు. ఫారం నింపి, సంతకం పెట్టించి, "పోరా, పోయి చదువుకో" అన్నవారు. లూయిస్‌కు ఆ పని లాంగ్‌స్టన్ చేశాడు.

అది ఎలాంటి ఆట?

మనం ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట అనుకుంటాం. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ వేరు. అందులో కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకొని పరిగెత్తుతారు. ఎదుటి జట్టు వాళ్ళు మీదపడి కింద పడేస్తారు. కబడ్డీలో కూతకు వెళ్ళినవాణ్ణి అందరూ చుట్టుకొని పట్టేస్తారు కదా, ఆ పట్టును తలచుకుంటే ఈ ఆట కొంచెం అర్థమవుతుంది. జట్టుకు 11 మంది. బంతి పట్టుకున్న జట్టు కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతూ ఎదుటివారి గీత దాటాలి.

లూయిస్ ఆడిన రోజుల్లో ఈ ఆట ఇప్పటికన్నా మొరటుగా ఉండేది. మూడు ప్రయత్నాల్లో 5 గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి ఎదుటివారికి ఇచ్చెయ్యాలి. బంతిని ముందుకు విసరడానికి అనుమతి లేదు. అది 1906లో గాని రాలేదు. కాబట్టి ఎదురుగా ఉన్న గోడలాంటి మనుషులను గుద్దుకుంటూ పోవడమే దారి. ఒక్కో ఆట 90 నిమిషాలు. బంతి తమ దగ్గర ఉన్నా ఎదుటివారి దగ్గర ఉన్నా అదే 11 మంది ఆడాలి. బయటకు వెళ్ళినవాడు మళ్ళీ లోపలికి రాకూడదు. తలకు ఇప్పటిలాంటి హెల్మెట్లు లేవు. దెబ్బ తగలకుండా ఉండాలని చాలామంది ఆటగాళ్ళు జుట్టు ఒత్తుగా పెంచుకునేవారు.

ఇందులో లూయిస్ ఆడిన స్థానం పేరు సెంటర్. వరస మధ్యలో వంగి నిలబడి, బంతిని వెనక ఉన్నవాడికి అందించడం సెంటర్ పని. అందించిన మరుక్షణంలో ఎదుటివాడు వచ్చి గుద్దుతాడు. దాన్ని తట్టుకొని, వెనకవాడికి దారి చేసిపెట్టాలి. పాయింట్లు తెచ్చేది ఇంకెవరో, చప్పట్లు ఇంకెవరికో. కానీ సెంటర్ తడబడితే ఆట మొదలే కాదు. ఆ స్థానంలో ఆడేవాళ్ళు మామూలుగా భారీకాయులు. లూయిస్ వాళ్ళంత బరువైనవాడు కాదు. వేగంతోనూ ఆలోచనతోనూ ఆ లోటు పూడ్చుకున్నాడు.

ఆమ్‌హర్స్ట్‌లో కెప్టెన్

ఆమ్‌హర్స్ట్ జట్టులో లూయిస్‌తో పాటు ఇంకో నల్లజాతి విద్యార్థి కూడా ఆడాడు. ఆయన పేరు విలియం టెకుమ్సే షెర్మన్ జాక్సన్. దక్షిణాది బానిస యజమానుల సైన్యాన్ని ఓడించిన జనరల్ షెర్మన్ పేరును తల్లిదండ్రులు కొడుకుకు పెట్టుకున్నారు. తెల్లవారి కాలేజీ జట్లలో ఆడిన తొలి నల్లజాతి ఆటగాళ్ళుగా చరిత్రలో వీరిద్దరి పేర్లు కలిసే కనిపిస్తాయి. జాక్సన్ తర్వాత వాషింగ్టన్‌లో నల్లజాతి పిల్లల కోసం నడిచిన ప్రసిద్ధమైన ఎం స్ట్రీట్ హైస్కూల్‌లో ఉపాధ్యాయుడిగానూ ప్రిన్సిపాల్‌గానూ పనిచేశాడు.

చివరి సంవత్సరంలో, అంటే 1891లో, లూయిస్‌ను జట్టు కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. ఎన్నుకున్నవాళ్ళు తోటి ఆటగాళ్ళే, దాదాపు అందరూ తెల్లవారే. 1892లో డిగ్రీ పట్టా పుచ్చుకున్నప్పుడు తరగతి తరఫున ఉపన్యాసం ఇచ్చే గౌరవం కూడా ఆయనకే దక్కింది. ఆ స్నాతకోత్సవం చూడటానికి వచ్చినవారిలో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ ఉన్నాడు. అప్పటికి హార్వర్డ్‌లో చదువుతున్న యువకుడు. తర్వాతి కాలంలో నల్లజాతి హక్కుల పోరాటానికి పెద్ద మేధావిగా నిలిచినవాడు.

హార్వర్డ్ మెచ్చిన ఆటగాడు

డిగ్రీ అయ్యాక లూయిస్ హార్వర్డ్ లా స్కూల్‌లో చేరాడు. ఆ రోజుల్లో లా చదివేవాళ్ళు కూడా విశ్వవిద్యాలయ జట్టులో ఆడవచ్చు. అలా 1892, 1893 సంవత్సరాల్లో హార్వర్డ్‌కు సెంటర్‌గా ఆడాడు.

1892లో హార్వర్డ్‌కూ యేల్‌కూ జరిగిన ఆట అమెరికా ఫుట్‌బాల్ చరిత్రలో ఒక గుర్తు. హార్వర్డ్ ఆ రోజు కొత్త వ్యూహం ఒకటి తెచ్చింది. ఆటగాళ్ళు రెండు గుంపులుగా విడిపోయి దూరం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, బాణం మొన ఆకారంలో కలిసిపోయి, ఆ వేగంతోనే ఎదుటివారి మీద పడ్డారు. దీన్ని 'ఎగిరే చీలిక' అన్నారు. చూసినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. అయినా ఆట 6–0తో యేల్ గెలిచింది. ఆ వ్యూహం ఎంత ప్రమాదకరమంటే 1894కల్లా నిషేధించాల్సి వచ్చింది.

ఆ కాలంలో వాల్టర్ క్యాంప్ అనే ఆయన మాట ఫుట్‌బాల్‌కు వేదవాక్కు. యేల్‌లో ఆడి, ఆట నియమాలను తీర్చిదిద్దినవాడు. దేశం మొత్తంలో ఒక్కో స్థానానికి మేటి ఆటగాణ్ణి ఎంచి 'ఆల్ అమెరికన్' జట్టు ప్రకటించడం 1889లో మొదలైంది. క్యాంప్ ఎంపిక చేసిన జట్టులో 1892లో సెంటర్ స్థానం లూయిస్‌ది. 1893లోనూ లూయిస్‌దే. ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. 1893 చివరి ఆటలో కెప్టెన్ గాయంతో బయట ఉంటే, హార్వర్డ్ జట్టును నడిపించిందీ లూయిసే. 1900లో క్యాంప్ అప్పటిదాకా ఆడిన వాళ్ళందరిలోంచి ఎంచిన జట్టులో కూడా లూయిస్ పేరుంది.

కుర్చీ దగ్గర ఆగిపోయిన కీర్తి

మొదట నేను చెప్పిన కటింగ్ షాపు సంగతి జరిగింది ఈ కీర్తి మధ్యలోనే. ఊరు కేంబ్రిడ్జ్, హార్వర్డ్ ఉన్న ఊరే. ఆదివారం పత్రికల్లో పేరు చదివి మురిసే ఊరు, సోమవారం గడ్డం గీయనన్నదన్నమాట.

ఇక్కడే లూయిస్ గొప్పతనం ఉందని నాకనిపిస్తుంది. ఆయన ఏం చేయవచ్చు? ఆ దుకాణం వదిలేసి ఇంకో దుకాణానికి పోవచ్చు. "నేనెవరో తెలుసా?" అని అడగవచ్చు. తెలిశాక ఆ యజమాని బహుశా కూర్చోబెట్టేవాడేమో కూడా. కానీ అప్పుడు ఆ కుర్చీ హార్వర్డ్ ఆటగాడికి దొరికినట్టు, నల్లవాడికి దొరికినట్టు కాదు.

మసాచుసెట్స్‌లో బహిరంగ స్థలాల్లో జాతి వివక్షను నిషేధిస్తూ 1865లోనే ఒక చట్టం ఉంది. అమెరికాలో అలాంటి చట్టాల్లో అదే మొదటిది. కానీ కటింగ్ షాపుల లాంటివి దాని పరిధిలోకి స్పష్టంగా రాలేదు. లూయిస్ ఇంకా లా విద్యార్థే. ఆయన బోస్టన్‌లోని నల్లజాతి న్యాయవాది బట్లర్ విల్సన్‌తో కలిసి రాష్ట్ర శాసనసభ్యుల చుట్టూ తిరిగాడు. చట్టాన్ని విస్తరించాలని వాదించాడు. 1893లోనే చట్టం మారింది.

ఒక్క మనిషి అవమానం ఒక్క మనిషితో ఆగిపోతే అది కథ. రాష్ట్రంలో అందరికీ వర్తించే అక్షరంగా మారితే అది హక్కు. ఆయన తనకు ఒక కుర్చీ అడగలేదు, అందరికీ కుర్చీ రాయించాడు.

ఆటను పుస్తకం చేసినవాడు

ఆడటం మానేశాక లూయిస్ 1895 నుంచి 1906 దాకా హార్వర్డ్ జట్టుకు శిక్షకుల్లో ఒకడిగా పనిచేశాడు. తెల్లవారి విశ్వవిద్యాలయంలో తెల్లవారి పిల్లలకు ఒక నల్లజాతి న్యాయవాది ఆట నేర్పడం ఆ కాలంలో ఊహకందని విషయం. ఎదుటి జట్టును ఎలా ఆపాలో చెప్పడంలో ఆయనకు మంచి పేరుండేది.

1896లో 'ఎ ప్రైమర్ ఆఫ్ కాలేజ్ ఫుట్‌బాల్' అనే పుస్తకం రాశాడు. న్యూయార్క్‌లోని హార్పర్ అండ్ బ్రదర్స్ అచ్చువేసింది. ఈ ఆట గురించి వచ్చిన తొలితరం పుస్తకాల్లో అదొకటి. ప్రైమర్ అంటే మన పెద్ద బాలశిక్ష లాంటిది, కొత్తగా నేర్చుకునేవాడికి ఓనమాల నుంచి చెప్పేది.

దీని విలువ హాస్టల్లో చదివినవాడికి వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో ముందుతరం చదువుకుని ఉంటే చాలా సంగతులు అన్నం తింటున్నప్పుడే తెలిసిపోతాయి. ఏ కోర్సుకు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, ఇవన్నీ వాళ్ళకు మాటల్లో వచ్చేస్తాయి. మనకు ఎవరో ఒకరు రాసిపెట్టాలి. తాను కష్టపడి తెలుసుకున్న కిటుకులను లూయిస్ తన దగ్గరే దాచుకోలేదు. పది పైసలు పెట్టి పుస్తకం కొనుక్కోగల ప్రతి కుర్రవాడికీ అవి అందేలా కాగితం మీద పెట్టాడు.

పదవులు, విమర్శలు

లా పూర్తిచేశాక లూయిస్ బోస్టన్‌లో న్యాయవాదిగా స్థిరపడ్డాడు. 1899లో కేంబ్రిడ్జ్ నగర కౌన్సిల్‌కు ఎన్నికయ్యాడు. 1902లో మసాచుసెట్స్ ప్రతినిధుల సభలో సభ్యుడిగా ఉన్నాడు. మళ్ళీ పోటీ చేస్తే ఓడిపోయాడు. 1903లో అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ ఆయన్ను బోస్టన్‌లో కేంద్ర ప్రభుత్వ సహాయ న్యాయవాదిగా నియమించాడు. రూజ్‌వెల్ట్ కూడా హార్వర్డ్‌లో చదివినవాడే, ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టేవాడు. ఆట పరిచయం అక్కడ పనికొచ్చింది.

1911లో అధ్యక్షుడు టాఫ్ట్ హయాంలో లూయిస్ అమెరికా న్యాయశాఖలో అసిస్టెంట్ అటార్నీ జనరల్ అయ్యాడు. దక్షిణాది సెనేటర్లు గట్టిగా అడ్డుపడ్డారు. అయినా ఆ ఏడాది జూన్‌లో సెనేట్ ఆమోదించింది. అమెరికా కేంద్ర ప్రభుత్వ కార్యనిర్వాహక శాఖలో అప్పటిదాకా ఒక నల్లజాతి వ్యక్తికి దక్కిన అత్యున్నత పదవి అదే.

ఒక మనిషి గురించి రాసేటప్పుడు పూలదండ ఒక్కటే వేస్తే న్యాయం కాదు. లూయిస్ మీద విమర్శలు కూడా ఉన్నాయి. ఆ కాలంలో నల్లజాతి వారిలో రెండు దారులుండేవి. ముందు పనులు నేర్చుకుందాం, ఆస్తి సంపాదించుకుందాం, హక్కుల మాట మెల్లగా అనేది బుకర్ టి. వాషింగ్టన్ దారి. హక్కుల విషయంలో వాయిదా ఉండకూడదనేది డుబోయిస్, విలియం మన్రో ట్రాటర్ వంటివారి దారి. యువకుడిగా లూయిస్ రెండో దారిలో ఉన్నాడు, వాషింగ్టన్‌ను విమర్శించాడు కూడా. తర్వాత వాషింగ్టన్‌కు దగ్గరయ్యాడు. పదవులు రావడంలో ఆ సిఫారసు పనిచేసింది. 1903 జూలై 30న బోస్టన్ చర్చిలో వాషింగ్టన్ సభ జరిగినప్పుడు అధ్యక్షస్థానంలో కూర్చున్నది లూయిసే. ఆ సభలో లేచి ప్రశ్నలు వేసిన ట్రాటర్‌ను అరెస్టు చేశారు, జైలుకు కూడా పంపారు. పాత మిత్రులు లూయిస్‌ను పదవి కోసం మారిపోయినవాడన్నారు.

వాళ్ళన్నది పూర్తిగా తప్పని నేను అనలేను. లోపలికి వెళ్ళకపోతే ఏ పనీ చేయలేం. లోపలికి వెళ్ళాలంటే కొన్నిసార్లు నోరు కట్టేసుకోవాలి. మొదటిసారి కుర్చీ ఎక్కిన ప్రతివాడికీ ఈ చిక్కు ఎదురవుతుంది. ఎంతవరకు సర్దుకున్నాడు, ఎక్కడ సర్దుకోనన్నాడు అన్నదాన్ని బట్టి మనిషిని చూడాలి. లూయిస్ సర్దుకోని చోటు ఒకటుంది.

"మీరు ఉండండి, మీ తర్వాత మాత్రం వద్దు"

అమెరికాలో న్యాయవాదులందరికీ పెద్ద సంఘం అమెరికన్ బార్ అసోసియేషన్. 1911లో లూయిస్ అందులో సభ్యుడయ్యాడు. ఆయన నల్లజాతివాడని తెలిసి కార్యవర్గం 1912లో ఆ సభ్యత్వాన్ని రద్దు చేయబోయింది. దేశపు న్యాయశాఖలో అంత పెద్ద పదవిలో ఉన్న మనిషికి న్యాయవాదుల సంఘంలో చోటు లేదన్నారు. బట్లర్ విల్సన్‌తో కలిపి మొత్తం ముగ్గురు నల్లజాతి న్యాయవాదుల మీద ఈ వేటు పడింది. కటింగ్ షాపు చట్టం కోసం లూయిస్‌తో కలిసి తిరిగిన విల్సనే ఈయన.

లూయిస్ రాజీనామా చేయనన్నాడు. ఆయన పై అధికారి, అటార్నీ జనరల్ జార్జ్ వికర్‌షమ్, తెల్లవాడైనా ఆయన పక్షాన నిలిచాడు. సంఘంలోని సుమారు 4,700 మంది సభ్యులకూ ఉత్తరాలు పంపాడు. చివరికి ఆ ఏడాది సంఘం ఒక రాజీ తీర్మానం చేసింది. ఇప్పటికే చేరిన ముగ్గురూ ఉండవచ్చు. ఇకమీదట మాత్రం ఎవరిని ప్రతిపాదించినా వారి జాతి ఏమిటో ముందుగా చెప్పాలి.

ఈ తీర్మానం చదివినప్పుడు నాకు కోపం కన్నా భయం ఎక్కువ వేసింది. ఎందుకంటే ఇది వివక్షలో కెల్లా తెలివైన పద్ధతి. లోపలికి వచ్చినవాడిని ఏమీ అనరు, గౌరవిస్తారు కూడా. అతని వెనక వస్తున్నవాళ్ళకు మాత్రం తలుపు వేస్తారు. లోపల ఉన్నవాడు "నాకేం, నన్ను బాగానే చూస్తున్నారు" అనుకుంటే ఆ తలుపు ఇక తెరుచుకోదు. ఆ సంఘం సభ్యత్వానికి జాతి అడ్డు కాదని తీర్మానించింది 1943లో. అంటే ముప్ఫై ఒక్క ఏళ్ళు పట్టింది. లూయిస్ సభ్యత్వం నిలబడింది గాని, ఆయన వెనక ఒక తరం మొత్తం బయటే ఉండిపోయింది. ఆయన ఆడిన ఆటలన్నిటిలో గెలుపూ ఓటమీ కలిసి వచ్చింది ఇందులోనే.

1913లో కొత్త అధ్యక్షుడు విల్సన్ వచ్చాక లూయిస్ పదవి పోయింది. బోస్టన్‌కు తిరిగి వచ్చి మళ్ళీ న్యాయవాద వృత్తిలో పడ్డాడు. విచిత్రం చూడండి, సరిగ్గా ఆ 1913లోనే మన అంబేద్కర్ చదువుకోసం న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాడు.

ఆ కుర్చీ ప్రశ్న మన దేశంలో

1948 నవంబర్ 29న ఢిల్లీలో మన రాజ్యాంగ సభ సమావేశమైంది. అంటరానితనాన్ని రద్దుచేసే అధికరణాన్ని ఆమోదించింది ఆ రోజే. కులమతాల పేరుతో దుకాణాలు, హోటళ్ళు వంటి చోట్ల ఎవరినీ అడ్డుకోకూడదనే అధికరణం మీద చర్చ జరిగిందీ ఆ రోజే. దుకాణం అనే మాటలో క్షవరం చేసే చోటు కూడా వస్తుందా అనే సందేహం సభలో వచ్చింది. అంబేద్కర్ దానికి స్పష్టంగా జవాబిచ్చాడు. దుకాణం అనే మాటను విశాలమైన అర్థంలో తీసుకోవాలన్నాడు. లోపలికి రానివ్వడం ఒక్కటే చాలదు, ఒప్పుకున్న డబ్బుకు సేవ చేయడం కూడా అందులో భాగమే అన్నాడు.

అంతకు ముందు రోజే బోస్టన్‌లో లూయిస్‌కు ఎనభై ఏళ్ళు నిండాయి. ఈ వార్త ఆయనకు చేరే వీలు లేదు. 1949 జనవరి 1న ఆయన కన్నుమూశాడు. కేంబ్రిడ్జ్‌లో 1893లో ఒక లా విద్యార్థి అడిగిన ప్రశ్నా, మా తాత నన్ను అడిగిన ప్రశ్నా, రాజ్యాంగ సభలో వచ్చిన ప్రశ్నా ఒకటే. ఆ కుర్చీలో కూర్చునే హక్కు ఎవరి దయ మీద ఆధారపడి ఉంది? జవాబు కూడా ఒకటే. దయ కాదు, రాసిన చట్టం కావాలి. మన దేశంలో 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో అంటరానితనం పేరుతో సేవ నిరాకరించడాన్ని నేరంగా చెప్పిన సెక్షన్ 6వది. ఈ నంబరు తమ్ముళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో లూయిస్ పేరు చేర్చింది 2009లో. అంటే చనిపోయిన అరవై ఏళ్ళకు. ఆట గుర్తింపు అంత ఆలస్యంగా వచ్చింది. ఆయన మార్పించిన చట్టం మాత్రం ఆయన లా చదువు పూర్తికాకముందే పని మొదలుపెట్టింది.

తమ్ముళ్ళకు నాలుగు మాటలు

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. పట్టా తెచ్చుకున్న రోజు మా అమ్మ దాన్ని ట్రంకు పెట్టెలో చీరల మధ్య దాచింది. అందరూ "మొదటివాడు, మొదటివాడు" అని మెచ్చుకుంటుంటే నాకూ గర్వంగా ఉండేది. లూయిస్ గురించి చదివాక ఆ మాట విన్నప్పుడల్లా కొంచెం ఉలికిపడుతున్నాను. మొదటివాడు అన్న మాటకు విలువ రెండోవాడు వచ్చినప్పుడే. రెండోవాడు రాకపోతే మొదటివాడు చూపించుకోవడానికి పెట్టుకున్న బొమ్మ అవుతాడు.

మీలో కబడ్డీ బాగా ఆడేవాళ్ళున్నారు, వాలీబాల్‌లో జిల్లా స్థాయికి వెళ్ళినవాళ్ళున్నారు. ఆడండి. ఆట మనిషికి మొదటి తలుపు తెరుస్తుంది, లూయిస్‌కు తెరిచింది. కానీ కప్పు చూసి గౌరవించినవాళ్ళే కప్పు లేనప్పుడు ఎలా చూస్తారో కూడా గమనించండి. చదువు వదలకండి. మీకు తెలిసిన ప్రతి దారినీ, స్కాలర్‌షిప్ ఫారం నింపడం దగ్గర నుంచి పోటీ పరీక్ష దాకా, మీ తర్వాత వచ్చేవాడికి రాసిపెట్టండి. మన హాస్టల్ నోటీసు బోర్డు పక్కన ఒక మందపాటి నోటుబుక్కు వేలాడదీద్దామని నా ఆలోచన. సీటు వచ్చిన ప్రతివాడూ, ఉద్యోగం వచ్చిన ప్రతివాడూ అందులో తనకు ఎలా వచ్చిందో ఒక పేజీ రాయాలి. వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు మొదటి పేజీలు రాస్తే బాగుంటుంది. నా పేజీ నేను రాసి తెస్తాను.

మా తాత ఇప్పుడు లేడు. వేపచెట్టు కింద కుర్చీ ఇంకా ఉందని తమ్ముళ్ళు చెప్పారు. వచ్చే నెల కటింగ్ రోజున చిరాకు పడుతూ అందులో కూర్చున్నప్పుడు, అది అంత సులభంగా మన దాకా రాలేదని ఒక్క నిమిషం తలచుకోండి.

– మన హాస్టల్ పూర్వ విద్యార్థి, పీజీ రెండో సంవత్సరం